మూతి విప్పని కుండలు

కంబదూరు మండలంలో ఒక పల్లె. 2003 మార్చి, ఎండ పొద్దు. సిద్దమ్మ ఇంటి పంచ.

"కుండ మూతి విప్పు అంటాండా. విప్పవు. పోనీ, విప్పనని చెప్పు అంటాండా. అదీ చెప్పవు. నేనేమనుకోవల్ల సిద్దమ్మత్తా?"

"నీళ్లు తాగుతావా మల్లీశ్వరీ?"

"నీళ్లొద్దు, కుండలు కావల్ల. రేపు పొద్దున తొమ్మిదికి అనంతపురం నుంచి జీపు వస్తాది. మన సరుకు తీసకపోయే వంశీ సార్ రెండు నూర్ల ఎండు పూల పాకెట్లు అడిగినాడు. సంఘంలో పది మందివీ కలిపితే నూటిరవై అయినాయి. మిగిలిన ఎనభై నీ మూడు కుండల్లో ఉండాయి."

"ఉండాయి."

"ఉంటే ఇయ్యి మరి."

"ఎండలో నిలబడద్దు. పంచలోకి జరుగు. నెత్తి నొప్పి వస్తాది."

"నెత్తి నొప్పి పొద్దున్నుంచి ఉండాది. పొద్దున వస్తే గొర్రెలు తోలల్ల అంటివి. నిన్న వస్తే సోమవారం, ఇంట్లో నుంచి ఏమీ బయటికి ఇయ్యకూడదంటివి. ఇప్పుడు నీళ్లు తాగు అంటాండావు. సంఘానికి లీడరయ్యింది ఇంటింటికీ తిరిగి బతిమాలుకునేదానికేనా నేను?"

"మెల్లగ మాట్లాడు. లోపల సుంకమ్మ పండుకోనుంది."

"నీ కూతురు ఈడే ఉండాదా? కళ్యాణదుర్గంలో బట్టల అంగట్లో చేరతాదంటివి గదా?"

"చేరలేదు. మొగుడు పోయిన పిల్లను పొద్దున్నే అంగట్లో నిలబెడితే బోణీ కాదని అన్నాడంట అంగడాయప్ప."

"అట్లంటే ఎట్ల?"

"అట్లే అంటారు. నువ్వు కూచో."

"కూచునే తీరిక లేదత్తా. పూలేమైనా చెడిపోయినాయా? బూజు పట్టిందా? పట్టింటే పట్టిందని చెప్పు, నేనేమీ అనను. వేరే దారి చూసుకుంటా."

"బూజు పట్టేదానికి తడి యాడుండాది ఈ ఊర్లో?"

"మరి నీడలోనే ఆరబెడితివి గదా? ఎండలో పెడితే రంగు పోతాదని వంశీ సార్ నూరు సార్లు చెప్పినాడు."

"చీకటి గదిలోనే పెడితి. నులక మంచం మీద పాత పంచె పరిచి, కింద గాలి, పైన గాలి ఆడేట్టు. బంతి రెక్కలు ఒక పక్క, చామంతి ఒక పక్క, నాటు గులాబి ఒక పక్క. పదైదు దినాలు. చేత్తో పట్టుకుంటే గలగలమనేదాకా."

"వస కొమ్ము దంచి కలిపినావా? అది లేకపోతే వాసన నిలబడదు."

"కలిపినా. నిమ్మతొక్కలు, దవనం, మరువం, లవంగాలు, అన్నీ నువ్వు చెప్పిన కొలతకే. కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి, దినం మార్చి దినం కదిలిచ్చినా. ఇరవై రెండు దినాలైంది."

"ఇరవయ్యే చాలు. అయిపోయింది గదత్తా. నీ చేతి పూలంటే, మన పూలు కొనే బెంగుళూరు సుష్మ మేడంకు ఎంత ఇష్టమో నీకు తెలీదు. పోయినసారి నీ పాకెట్ విప్పి ముక్కు కాడ పెట్టుకొని కండ్లు మూసుకునిందంట."

"కండ్లు మూసుకునిందా?"

"వంశీ సార్ చెప్పినాడు."

"పాపం."

"పాపం యాల?"

"ఏం లేదు."

"నువ్వు ఏం లేదు అన్న ప్రతిసారీ ఏదో ఉంటాది. రా, నేనూ చెయ్యి వేస్తా, ఇద్దరం ఉంటే ఒక గంట పని. చాట యాడుండాది? గోడకు తగిలిచ్చింది తీసుకోనా?"

"తీసుకో. కుండలు మాత్రం ముట్టద్దు."

"ముట్టకుండా ఎట్ల విప్పల్ల?"

"నేను ఈ పొద్దు తలకు పోసుకోలేదు."

"పోసుకో. నేను కూచుంటా."

"నీళ్లు లేవు. ట్యాంకర్ రాక రెండు దినాలైంది."

"మా ఇంట్లో ఒక బిందె ఉండాది. తెచ్చిస్తా."

"నీ బిడ్డలు తాగనీ. పోసుకోకుండా ముట్టుకుంటే ఏమైతాది మల్లీ?"

"ఏమైతాదంటే ఏం చెప్పల్ల. వద్దు. అందరూ పోసుకొనే ముట్టుకుంటాండారు గదా."

"యాల పోసుకుంటాండారు?"

"నీకు తెలీదా?"

"నీ నోటితో చెప్పు."

"దేవుని గదిలో పెట్టుకునే పూలు. అందుకు."

"ఎవురి దేవుని గదిలో?"

"బెంగుళూరోళ్ల దేవుని గదిలో. మూడు నెలల నుంచి చెప్తానే ఉండా. ఇప్పుడు కొత్తగా అడుగుతాండావే."

"కొత్తగానే అడుగుతాండా. ఎట్ల పెట్టుకుంటారు? దేవుని నెత్తిన పెడతారా, కాళ్ల కాడ పోస్తారా? ఎండు పూలు మనమైతే దేవుని మీద నుంచి తీసి పారేస్తాం గదా. వాళ్లు ఎండినవే కొనుక్కొని పెడతారంటే ఆ పొద్దే నాకు వింతగా ఉండె."

"నెత్తినా కాదు, కాళ్ల కాడా కాదు. గాజు గిన్నెలో పోసి పెడతారు. గదంతా వాసన వస్తాది."

"ఆ గిన్నె యాడ పెడతారు?"

"అత్తా, నాకు నూటిరవై పాకెట్లకు చీటీలు అంటించే పని ఉండాది. పొద్దు పోతాంది."

"యాడ పెడతారంటాండా."

"పటం ముందర. ఇంగ యాడ?"

"నిన్న కుళ్లాయప్ప వచ్చినాడు."

"ఎవురు కుళ్లాయప్ప?"

"మా అన్న కొడుకు. బెంగుళూరులో పెద్ద హోటల్లో పని వానికి. పదకొండు అంతస్తులంట."

"ఓహో. వంట పనా?"

"గదులు కడిగే పని."

"మంచిదే."

"ఏం, గొంతు మారింది?"

"ఏం మారలేదు. వింటాండా. చెప్పు."

"పోయిన నెల నువ్విచ్చిన పాకెట్ ఒకటి మా గూట్లో ఉంటే చూసినాడు. చూసి నవ్వినాడు. అత్తా, ఇవి మా హోటల్లో ఉండాయి, దినామూ నేనే దుమ్ము దులిపి పెడతా, వాసన తగ్గితే చిన్న సీసాలో నూనె ఉంటాది, నాలుగు చుక్కలు ఏస్తా అన్నాడు. యాడ పెడతావురా అంటే, వద్దులే అత్తా, చెప్తే నువ్వు అన్నం తినవు అన్నాడు. ఒట్టు పెట్టినాక చెప్పినాడు."

"వాడు చూసింది వేరే ఉంటాది. బెంగుళూరులో ఇట్లాంటివి నూరు రకాలు అమ్ముతారు."

"నీ చీటీ ఉండాదంట. కుండ బొమ్మ, దాని కింద ఇంగ్లీషులో మన జిల్లా పేరు. వాడు ఏడు దాకా చదివినాడు."

"తప్పు చదివింటాడు."

"బొమ్మ గూడా తప్పు చూసినాడా? కక్కసులో అంట మల్లీ."

"మెల్లగ అత్తా."

"ఇప్పుడు నువ్వు మెల్లగ అంటాండావా? మనిషి కూచునే తెల్ల బేసిను ఉంటాదంట. దాని వెనక నీళ్ల డబ్బా ఉంటాదంట. డబ్బా మీద గాజు గిన్నె, గిన్నెలో నా చామంతులు."

"అందరూ అట్ల పెట్టరు. కొందరు హాల్లో పెడతారు, సోఫా ముందర బల్ల మీద."

"అంటే నీకు తెలుసు."

"అంటే, వాళ్ల ఇష్టం గదా. కొన్నోళ్లు యాడ పెట్టుకుంటే మనకేమి? మనం వెంబడి పోయి చూస్తామా?"

"నీకు తెలుసా, తెలీదా? ఒక్క మాట చెప్పు."

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"అనంతపురంలో ట్రైనింగ్ ఇచ్చిన దినం నుంచి. ఫొటోలు చూపించినారు. హాలుది ఒకటి. ఇంగొకటి నువ్వు చెప్పినట్లాంటిది."

"దేవుని గదిది?"

"లేదు."

"ఒక్కటి గూడా లేదా?"

"లేదంటి గదా. ఇంగెన్ని సార్లు అడుగుతావు?"

"మూడు నెలలు మల్లీ. పూలు ముట్టే ప్రతి దినం తలకు పోసుకుంటి. ఇంటికి రెండు బిందెలు వస్తే ఒకటి నా నెత్తిన. మా ఇంటాయప్ప గొర్రెల వెంబడి తిరిగొచ్చి కాళ్లకు నీళ్లడిగితే, పూలకు మడి కావల్ల, నువ్వు తడిగుడ్డతో తుడుచుకో అంటి. ఆ మనిషి దేవుని పని గదా అని తుడుచుకున్నాడు. ఇప్పుడు ఆయప్పకు ఏమని చెప్పల్ల నేను? బెంగుళూరోళ్ల కక్కసు కోసం నీ కాళ్లు కడగనియ్యలేదని చెప్పల్నా?"

"తప్పే. తప్పని నేనే ఒప్పుకుంటాండా. కానీ యాల చెప్తినో అది గూడా విను. మొదటిసారి మీరంతా ఎట్ల చేస్తిరి, జ్ఞాపకం ఉండాదా? ఎండు పూలు కొనే పిచ్చోళ్లు ఎవురని నవ్వుకుంటా చేస్తిరి. నాగలక్ష్మమ్మ సంచిలో మేక పెంటికలు. గంగాధరప్ప పెండ్లాం సంచిలో ఆకువక్క తొడిమెలు. ఇంగొకరి దాంట్లో బీడీ ముక్క. ఎవురిదో నేను అడగలేదు. ఆ మూట మూటంతా వెనక్కొచ్చింది. సుష్మ మేడం తిట్టింటే బాగుండు. తిట్టలేదు. ఇంగ వద్దులేమ్మా, మీకు చేత కాదు అనింది. ఎస్టీడీ బూత్‌లో ఫోన్ పట్టుకొని ఏడ్చినా. బయట మనుషులు నిలబడి చూస్తాండారు."

"ఆ మాట మాకు చెప్పలేదే."

"ఎవురికి చెప్పల్ల? కాళ్లు పట్టుకున్నంత పని చేసి ఇంగొక అవకాశం తెచ్చుకుంటి. ఊర్లోకొచ్చి, ఈసారి శుభ్రంగా చెయ్యండమ్మా అంటే, ఏముండాదే దీంట్లో, ఊడ్చి పారేసే కసువే గదా అనిరి. కసువు అనింది నువ్వే అత్తా."

"అన్నానేమో."

"అప్పుడు నా నోట్లో నుంచి వచ్చేసింది. దేవుని గదికి పోయే పూలు అంటి. అంతే. మరుసటి దినం అందరూ తలకు పోసుకొని, ఉతికిన చీరలు కట్టుకొని వస్తిరి. ఒక్క వెంట్రుక లేదు, ఒక్క మట్టి బెడ్డ లేదు. స్నానం చెయ్యమని నేను చెప్పలేదు. బయట చేరినోళ్లు రావద్దని నేను చెప్పలేదు. అవన్నీ మీరు పెట్టుకున్నవే."

"దేవుడంటే పెట్టుకోమా?"

"అదే నేను చెప్పేది. దేవుడంటే చేస్తారు, మల్లీశ్వరి అంటే చెయ్యరు. నాకు వేరే ఏం దారి ఉండె? ఇంటికి పోతే మా ఆయప్ప, పూలు ఎండేసుకునే లీడరమ్మ వచ్చిందని ఎగతాళి. ఈడకొస్తే మీరు. ఆడ మేడం. నేనెవురికి సమాధానం చెప్పల్ల?"

"ఎవురికీ చెప్పద్దు. నాకు చెప్పు చాలు."

"చెప్తి గదా. ఇంగ కుండలియ్యి. ఈ మూట రేపు పోకపోతే ఈ పని మైసూరు పక్క ఇంగొక సంఘానికి ఇస్తానని మేడం అనింది. మూడేండ్ల నుంచి వేరుశనక్కాయ లేదు. కూలికి పోదామంటే పిలిచేవాళ్లు లేరు. ఊర్లో ఆడోళ్లు నీడ పట్టున కూచొని చేసే పని ఇది ఒక్కటే. నీకు కక్కసంటే అసహ్యమైతే నన్ను తిట్టు, నాలుగు దెబ్బలు కొట్టు. పూల మీద యాల చూపిస్తావు?"

"అసహ్యమని నేనన్నానా?"

"అనకపోతే ఏం, ముఖంలో కనబడతాండాది."

"నా ముఖం నీకు చదవను రాదులే. ఆ కక్కసు ఎట్లుంటాది? వాడు చెప్పింది నాకు సరిగ్గా తలకెక్కలేదు."

"మన వంటిండ్ల కంటే శుభ్రంగా ఉంటాది. గోడలకు గూడా తెల్ల బండలు. కొళాయి తిప్పితే నీళ్లు వస్తాయి."

"ఎంతసేపు వస్తాయి?"

"మల్లా తిప్పి నిలిపేదాకా."

"నిలిపేదాకా వస్తాయా?"

"వస్తాయి."

"కక్కసులో."

"అవునత్తా."

"ఎంత శుభ్రంగా ఉన్నా, దాంట్లో దేవుడైతే ఉండడు గదా?"

"కక్కసులో దేవుడెట్లుంటాడు?"

"అంటే మడి అక్కర్లేదు."

"అక్కర్లేదు."

"తలకు పోసుకోకుండా ముట్టుకోవచ్చు."

"చేతులు కడుక్కుంటే చాలు."

"బయట చేరినోళ్లు ముట్టుకోవచ్చా?"

"ముట్టుకోవచ్చు."

"ఎవురు ముట్టుకున్నా ఏమీ కాదు."

"కాదు. ఎవురు ముట్టుకున్నా కాదు. ఎన్ని తూర్లు చెప్పల్ల? ఇంగ విప్పుదామా?"

"ఎవురు ముట్టుకున్నా ఏమీ కానప్పుడు, ఆ పొద్దు నా కూతురు చేతిలో నుంచి చాట యాల గుంజుకుంటివి?"

"నేను గుంజుకోలేదు."

"గుంజుకుంటివి. ఇస్కూలు పంచలో. మొదటి మూట వెనక్కొచ్చినాక మల్లా మొదలుపెట్టిన దినం. సుంకమ్మ తనంతట తానే వచ్చింది. మొగుడు బళ్లారిలో సెంట్రింగ్ మీద నుంచి పడి చచ్చిపోయినాక, ఏడాదిలో అది వాకిలి దాటింది ఆ పొద్దే. తల దువ్వుకొని వచ్చింది. చాట ముందర పెట్టుకొని బంతి రెక్కలు తుంచుతా కూచునింది. నాగలక్ష్మమ్మ అనింది, దేవుని పూలకు ఆ చెయ్యి వద్దని. నువ్వు లేసి పోయి చాట తీసుకుంటివి. లెయ్ సుంకమ్మా అంటివి."

"అనింది నాగలక్ష్మమ్మ గదా."

"తీసుకునింది నువ్వు గదా."

"నేనేం చెయ్యల్లత్తా? దేవుని పూలు కాదని అప్పుడు చెప్పాలంటే మొత్తం చెప్పల్ల. ముందు దినమే అబద్ధం చెప్పి, తెల్లారే నిజం చెప్తే అందరూ లేసి పోతారు. ఒక్కరి కోసం..."

"చెప్పు. ఒక్కరి కోసం?"

"అట్లని కాదు."

"అట్లనే. ఇంగొకటి చెప్తా విను. మా వాకిట్లో ఈ పూల చెట్లు ఎవురు పెంచినారనుకుంటివి? సుంకమ్మే. అంట్లు కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, ముఖం కడిగిన నీళ్లు దాచి దాచి పోసి పెంచింది. ఆ బంతి, ఆ చామంతి, ఆ దవనం, అన్నీ దాని చేతివే. నువ్వు లెయ్ అన్నాక గూడా పోస్తానే ఉండాది. చెట్టుకు నీళ్లు పోసేదానికి పనికొచ్చిన చెయ్యి, పువ్వు తుంచేదానికి పనికి రాలేదు. అప్పటికే నీకు తెలుసు, అవి యాడికి పోతాయో. తెలిసీ చాట తీసుకుంటివి."

"తెలిసే తీసుకుంటి. ఆ దినం నుంచి మీ ఇంటి ముందర నడవల్లంటే నాకు సిగ్గు. ట్యాంకర్ కాడికి పోయేటప్పుడు బసప్పోళ్ల దొడ్డి వెనక నుంచి చుట్టు తిరిగి పోతాండా. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు."

"నమ్ముతా. యాలంటే నాకూ సిగ్గే. నేనూ ఆడే కూచోనుంటి గదా. నా బిడ్డను లేపితే నేను లెయ్యలేదు. తలొంచుకొని గులాబి రెక్కలు తుంచుతానే ఉంటి. దేవుని పని, నాగలక్ష్మమ్మ అన్నదాంట్లో తప్పేముందిలే అనుకుంటి. మాపుకు ఇంటికొచ్చి ఏం చేస్తినో తెలుసా నీకు?"

"తెలీదు."

"మా ఇంట్లో చీకటి గది ఒక్కటే. అది సుంకమ్మ పండుకునే గది. దాని చాప తీసి గొర్రెల దొడ్డి పక్కన, గోడల్లేని సాయబానులో ఏస్తి. పూల గదిలోకి రావద్దు, నీ నీడ గూడా పడకూడదు అని చెప్తి. నా నోటితోనే చెప్తి. అది సరేనమ్మా అనింది. చలికాలమంతా మల్లీ. ఒక మూట దిగితే ఇంగొక మూట. పూలు మంచం మీద పండుకున్నాయి, నా బిడ్డ గొర్రెల పక్కన పండుకునింది. దగ్గొచ్చింది దానికి. మందు తెచ్చిస్తి గానీ మంచం ఇయ్యలేదు."

"అత్తా, ఇది నాకు తెలీదు. దేవుని సాక్షిగా తెలీదు."

"దేవుని మాట ఎత్తద్దు ఇంగ. ఆయన్ను ఇప్పటికే శానా వాడుకుంటివి."

"సరే, ఎత్తను."

"నిన్న కుళ్లాయప్ప చెప్పినాక, ఆ మంచం మీద తరువాతి మూటకని ఆరేసిన పూలన్నీ దులిపి, దాని చాప తెచ్చి ఏసినా. పోయి పండుకుంది. అప్పటి నుంచి లోపలే ఉండాది. అన్నం పెడితే తినింది. నాతో ఒక్క మాట మాట్లాడలేదు."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు? చెప్పు, చేస్తా. రేపటి నుంచి సుంకమ్మకు చీటీలంటించే పని ఇస్తా. కాగితాలు, గోందు ఇంటికే పంపిస్తా. ఎవురికీ తెలీదు."

"చాటుగానా? దొంగ సొమ్ము మాదిరి?"

"మరి నాగలక్ష్మమ్మ ముందర ఎట్ల?"

"ముందరే. నేనడిగేది ఒకటే. రేపు అందర్నీ ఇస్కూలు పంచలో కూచోబెట్టి, ఇవి యాడికి పోతాండాయో చెప్పు. చెప్పి, సుంకమ్మను నీ పక్కన కూచోబెట్టు."

"చెప్తే నాగలక్ష్మమ్మ లేసి పోతాది."

"పోనీ. ఒక బిందె నీళ్లు మిగుల్తాయి."

"ఆయమ్మ వెంబడి నలుగురు పోతారు."

"నాలుగు బిందెలు."

"నీకు ఎగతాళిగా ఉండాది. నలుగురు పోతే సంఘం నిలబడదు. మల్లా మేక పెంటికలు, మల్లా బీడీ ముక్కలు. మల్లా నేను పోయి ఎస్టీడీ బూత్‌లో నిలబడల్ల. నాకు ఓపిక లేదత్తా. నిజంగా లేదు."

"నా బిడ్డను లేపి నిలబెట్టిన సంఘం అది. నిలబడితే ఎంత, పడితే ఎంత నాకు. చెప్తావా, ఈ మూడు కుండలు తీసకపోయి దిబ్బలో పొయ్యల్నా?"

"ఇన్ని దినాల కష్టం పోస్తావా?"

"పోస్తా. అంత దూరం పోయి కక్కసులో పడే బదులు మా దిబ్బలో పడతాయి."

"ఆ కుండ కింద పెట్టు. పెట్టత్తా. చెప్తా అంటాండా గదా."

"ఎప్పుడు?"

"రేపు. జీపు పోయినాక."

"జీపు పోయినాక నీకు జ్ఞాపకం ఉండదు. జీపు రాకముందు."

"సరే, రాకముందే. ఎనిమిదికి పిలుస్తా అందర్నీ."

"మొదట ఈడ చెప్పు. ఇప్పుడు."

"ఈడ ఎవురుండారు? నీకు చెప్తినే."

"గట్టిగా చెప్పు. లోపలికి వినపడల్ల."

"పండుకోనుంది, మెల్లగ మాట్లాడు అంటివి."

"పండుకోలేదు. పొద్దున్నుంచి కండ్లు తెరిచే ఉండాది. చెప్పు."

"ఇవి దేవునికి కాదు."

"నాకే వినపడలేదు."

"ఇవి దేవునికి పోయే పూలు కాదు సుంకమ్మా. బెంగుళూరోళ్లు హాల్లో పెట్టుకుంటారు, కక్కసులో పెట్టుకుంటారు. నాకు మొదటి నుంచి తెలుసు. నీ చెయ్యి పడితే తప్పని నేను ఏ పొద్దూ అనుకోలేదు. నాగలక్ష్మమ్మకు భయపడి చాట తీసుకుంటి. తప్పు నాది."

"రేపటి మాట గూడా చెప్పు."

"రేపు అందరి ముందర ఇదే చెప్తా. ఎవురు లేసి పోయినా చెప్తా. నువ్వు నా పక్కన కూచుందువు. రా తల్లీ, ఈ కుండలు నువ్వే విప్పు. రాత్రికంతా ఎనభై పాకెట్లు కట్టల్ల, నువ్వొస్తే గానీ కాదు."

"విన్నావా సుంకమ్మా? లేసి రామ్మా. మల్లీశ్వరి చాట పట్టుకొని నిలబడుండాది, నీ చేతికి ఇస్తాదంట. స్నానం వద్దు, మడి వద్దు. ఇంగ ఆ చెయ్యి వద్దనేవాళ్లు ఎవురూ లేరు. వచ్చి నా పక్కన కూచో, నా బంగారు."

"విన్నానమ్మా. అంతా విన్నా. దేవునికని చెప్పినప్పుడు లెయ్ అంటిరి, కక్కసుకని తెలిసినాక రా అంటాండారు. అప్పుడూ నన్నెవురూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. కుండలు మల్లీశ్వరక్కకు ఇచ్చెయ్యి, పాపం జీపు వస్తాది. నేను మాత్రం ఆ పూలు ముట్టను."